జిప్సీలో పెట్రోలు వాసన ఎక్కడిది?

పెట్రోలు బంకులో పెట్రోలు వాసన వేస్తే మనం పట్టించుకోం. ఇంటి ముందు ఆపి ఉంచిన బండిలోంచి వేస్తే మాత్రం పట్టించుకుని తీరాలి. ఎందుకంటే బండిలో పెట్రోలు ఉండే చోట్లన్నీ మూతలు బిగించిన చోట్లే. ట్యాంకులోంచి గొట్టాల గుండా ఇంజనులోకి వెళ్ళి కాలిపోయేదాకా అది బయటి గాలిని చూడకూడదు. వాసన మన ముక్కుదాకా వచ్చిందంటే ఎక్కడో దారి తెరుచుకుందన్నమాట. ఆ దారి ఎక్కడుందో కనిపెట్టడానికి కావలసిన సైన్సు చాలావరకు మీ హైస్కూలు పుస్తకాల్లోనే ఉంది.

మారుతి జిప్సీని మీరు చూసే ఉంటారు. పోలీసులకూ, అటవీ శాఖకూ, సైన్యానికీ ఏళ్ళ తరబడి సేవ చేసిన బండి. 1985లో వచ్చింది. 2019 నాటికి మామూలు జనానికి అమ్మడం ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు తిరుగుతున్న జిప్సీలన్నీ కాస్తో కూస్తో వయసు మళ్ళినవే. మన దేశంలో జీపు జాతి బళ్ళు చాలావరకు డీజిలుతో నడుస్తాయి. జిప్సీ పెట్రోలుతో నడుస్తుంది. పైగా దాని రేకుకు తుప్పు తొందరగా పడుతుందని టింకరింగు పని చేసేవాళ్ళు ఎవరైనా చెబుతారు.

భీమునిపట్నంలో, సముద్రానికి దగ్గరగా, ఇరవై ఏళ్ళ జిప్సీ ఒకటి ఉందనుకుందాం. కొన్ని రోజులు అందులో పెట్రోలు వాసన గుప్పుమంటుంది. కొన్ని రోజులు అసలుండదు. కింద చూస్తే ఒక్క చుక్క కనపడదు. ఎక్కడని వెతకాలి?

చెంచాడు పెట్రోలు చాలు

వెతకబోయే ముందు పెట్రోలు స్వభావం కొంచెం తెలియాలి. అది ఒకే పదార్థం కాదు. నాలుగు నుంచి పన్నెండు దాకా కార్బన్ పరమాణువులున్న అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో తేలికైనవి ఇట్టే ఆవిరైపోతాయి. సున్నాకు దిగువన 40 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో కూడా పెట్రోలు నుంచి మండగలిగినంత ఆవిరి లేస్తుందంటే, మన ఎండల్లో సంగతి చెప్పనక్కరలేదు.

ఇప్పుడొక లెక్క చేయండి. చిన్న చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్ల పెట్రోలు బరువు సుమారు 3.7 గ్రాములు. పెట్రోలు అణుభారం సగటున 100 అనుకుంటే ఇది 0.037 మోలు. మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఒక మోలు వాయువు 24 లీటర్ల చోటు తీసుకుంటుంది గనుక, చెంచాడు పెట్రోలు ఆవిరైతే దాదాపు 0.9 లీటరు అవుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. కాని గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 శాతం ఉంటే చాలు, రవ్వ తగిలితే అంటుకుంటుంది. 0.9ని 0.014తో భాగించండి. 64 వస్తుంది. ఒక్క చెంచాడు పెట్రోలు 64 లీటర్ల గాలిని మండే గాలిగా మార్చగలదు! గ్లాసుడు పెట్రోలైతే నలుగురు కూర్చునే బండి లోపలి గాలినంతా దాదాపుగా మార్చేస్తుంది.

ఈ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పొగలా పైకి పోదు. నీళ్ళలాగా కిందికి జారి, నేల మీద పరుచుకుని, పల్లం వెతుక్కుంటూ పోతుంది. వంటగది గుమ్మం పక్కనే బండి ఆపుకునే ఇళ్ళవాళ్ళు ఈ మాట మరచిపోకూడదు. దాన్ని అంటించడానికి అగ్గిపుల్లే అక్కరలేదు. పొడి రోజుల్లో నైలాను చొక్కా విప్పితే చేతికి చురుక్కుమనే స్థిర విద్యుత్తు రవ్వ చాలు.

మరి వాసన రాగానే బండి పేలిపోతుందా? అంత భయం అక్కరలేదు. మన ముక్కు చాలా చురుకైనది. గాలిలో పది లక్షల పాళ్ళకు ఒక పాలు పెట్రోలు ఆవిరి ఉన్నా పసిగడుతుంది. మండటానికి కావలసింది పది లక్షలకు 14,000 పాళ్ళు. అంటే ప్రమాదం ఎంతో దూరంలో ఉండగానే ముక్కు గంట కొడుతుంది. చిక్కేమిటంటే, ఆ గంట ఎక్కువసేపు మోగదు. ఒకే వాసనలో కాసేపు కూర్చుంటే ముక్కు దానికి అలవాటుపడి చెప్పడం మానేస్తుంది. బండి నడిపేవారు “ఇప్పుడు వాసన తగ్గింది” అంటారు. తగ్గింది వాసనో, ముక్కు చురుకుదనమో ఆయనకు తెలియదు. అందుకే ఆవిరి ఎంతుందో తేల్చుకోవాలంటే బయటి గాలిలో పది నిమిషాలు తిరిగి వచ్చినవారి ముక్కునే నమ్మాలి.

ఎక్కడ అని కాదు, ఎప్పుడు అని అడగండి

వాసన ఎక్కడినుంచి వస్తోందో ముక్కు సరిగా చెప్పలేదు. బండి కదులుతుంటే గాలి అటూ ఇటూ తిప్పి కొడుతుంది. ట్యాంకు దగ్గర పుట్టిన వాసన ముందు అద్దం దగ్గర తగలవచ్చు. కాని ఎప్పుడు వస్తోందో మనం తప్పు లేకుండా చెప్పగలం. అనుభవమున్న మెకానిక్కు మొదట అడిగేది ఇదే. వైద్యుడు జ్వరం ఉదయమా, సాయంత్రమా అని అడిగినట్టు.

ఒక నోటుపుస్తకం తీసుకుని పదిరోజులు రాయండి. వాసన వచ్చిన వేళ, పెట్రోలు ముల్లు ఎక్కడుంది, బండి ఎండలో ఉందా నీడలో ఉందా, ఇంజను నడుస్తోందా, ఆపి ఎంతసేపైంది, ముందు సీటులో ఎక్కువా, వెనకనా. వాసన రాని రోజులూ రాయాలి. చాలామంది అవి వదిలేస్తారు. నిజానికి సగం సాక్ష్యం వాటిలోనే ఉంటుంది. అన్నిటికంటే ముందు, డిక్కీలో ఎవరైనా పెట్రోలు డబ్బా పెట్టారేమో, గుడ్డ మీద ఒలికిందేమో చూసుకోండి. నవ్వకండి, షెడ్డుదాకా పోయి సిగ్గుపడి వచ్చినవాళ్ళున్నారు.

ఇంజను నడుస్తున్నప్పుడే వాసన వచ్చి, ఆపాక తగ్గిపోతే, ఒత్తిడితో పెట్రోలు పారే దారిని అనుమానించాలి. కార్బురేటరు ఉన్న పాత జిప్సీలలో ఈ ఒత్తిడి తక్కువే, చదరపు సెంటీమీటరుకు పావు కిలోగ్రాము పైచిలుకు. 2000 ప్రాంతంలో వచ్చిన ఇంజెక్షను ఇంజన్లలో మూడు కిలోగ్రాముల దాకా ఉంటుంది. అంత ఒత్తిడిలో వెంట్రుక సందు ఉన్నా పెట్రోలు సన్నని తుంపరగా చిమ్ముతుంది. పక్కనే కాలిపోతున్న ఎగ్జాస్టు గొట్టం ఉంటుంది. ఈ రకం వాసన వస్తే నోటుపుస్తకం పక్కన పెట్టి బండి ఆపేయాలి, అందరూ దిగిపోవాలి. పది రోజులు ఆగే వ్యవహారం కాదిది.

ఇంజను ఆపిన పావుగంటకు బానెట్ దగ్గర వాసన వస్తే, అది కార్బురేటరు పని కావచ్చు. దాని చిన్న గిన్నెలో ఎప్పుడూ కాస్త పెట్రోలు నిలవ ఉంటుంది. ఇంజను ఆగాక చల్లబరిచే గాలి ఉండదు గనుక, కింద ఉన్న వేడికి ఆ పెట్రోలు ఆవిరైపోతుంది. ఇది కొద్దిగా ఉంటే పాత బళ్ళకు మామూలే. ఇంజనాయిల్ పుల్ల తీసి చూస్తే ఆయిల్‌లో పెట్రోలు వాసన వేస్తోందా? అప్పుడు ఇంజను పక్కనుండే పంపులో రబ్బరు పొర చిరిగి పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతోందేమో చూడాలి.

ఇంకొకటుంది. బండి మెల్లగా పోతున్నప్పుడు, వెనక గుడారం గుడ్డ తెరిచి ఉన్నప్పుడు, పొగతో కలిసి కంపు వస్తుంది. కదిలే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. అక్కడ సుళ్ళు తిరిగే గాలి సైలెన్సరు పొగను వెనక్కి లాగి లోపలికి తెస్తుంది. నేలరేకు తుప్పుతో చిల్లులు పడితే కిందినుంచి కూడా వస్తుంది. ఈ వాసనను చిన్నచూపు చూడవద్దు. పొగతోపాటు కార్బన్ మోనాక్సైడు వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగత, ఆ తర్వాత స్పృహ తప్పడం. పొగ కంపు లోపలికి వస్తోందంటే అద్దాలన్నీ దించి, బండిని అటునుంచి అటే షెడ్డుకు తీసుకుపోవాలి.

ఇక మన భీమిలి జిప్సీ. పుస్తకంలో ఇలా తేలిందనుకోండి: ట్యాంకు నిండుగా కొట్టించిన రోజూ, మరునాడూ వాసన ఉంది. ముల్లు ముప్పాతికకు దిగాక లేదు. నీడలో తక్కువ, ఎండలో ఎక్కువ. వెనక సీటులో ఎక్కువ. ఇంజను ఆపి ఉన్నా వస్తోంది.

చూశారా, ఈ నాలుగు ముక్కలతో బండిలో ముప్పాతిక భాగం అనుమానంలోంచి తప్పుకుంది! ఇంజను ఆపి ఉన్నా వస్తోంది గనుక ఒత్తిడి గొట్టాలు కావు, సైలెన్సరు పొగా కాదు. వెనక ఎక్కువ గనుక కార్బురేటరు కాదు. నిండుగా ఉన్నప్పుడే వస్తోంది గనుక ట్యాంకు అడుగున చిల్లు లేదు. ఉంటే ఎప్పుడూ కారుతూనే ఉండేది. సెకనుకు ఒక్క చుక్క కారినా రోజుకు లీటరుకు పైగానే పోతుంది, ఆ సంగతి జేబుకే తెలిసిపోతుంది. మిగిలింది ట్యాంకు పైభాగం. పెట్రోలు పోసే గొట్టం, దాని పక్కన గాలి పోయే సన్నగొట్టం, వాటిని ట్యాంకుకు కలిపే రబ్బరు ముక్కలు, ముల్లుకు సంకేతమిచ్చే పరికరం కింది రబ్బరు చక్రం. ఇంతే.

ఎండలో ఎందుకు ఎక్కువ? వేడికి పెట్రోలు వ్యాకోచిస్తుంది. ఒక్కో డిగ్రీకి సుమారు వెయ్యింట ఒక వంతు. బంకులో భూమి కింది చల్లని తొట్టిలోంచి వచ్చిన 40 లీటర్లు ఎండలో 15 డిగ్రీలు వేడెక్కితే అర లీటరుకు పైగా పెరుగుతాయి. ఆ పెరిగినది గొట్టంలోకి పైకెక్కుతుంది. నాజిల్ తనంతట తానే టక్కుమని ఆగాక, “ఇంకో యాభై రూపాయలకు కొట్టు” అనే అలవాటు మంచిది కాదనేది ఇందుకే.

తుప్పు ఆ గొట్టాన్నే ఎందుకు ఎంచుకుంది?

పెట్రోలు పోసే గొట్టం సాధారణంగా వెనక చక్రం పక్కనుంచి, మడ్‌గార్డు లోపలి రేకును ఆనుకుని కిందికి దిగుతుంది. చక్రం చిమ్మిన బురద ఆ సందులో చేరి ఉండిపోతుంది. బండి కడిగేవాళ్ళ చెయ్యి అక్కడికి పోదు. బండి పైనంతా రెండు గంటల్లో ఆరిపోయినా ఆ సందు రోజుల తరబడి తడిగానే ఉంటుంది.

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలని మీరు చదివారు. దానికి ఉప్పు తోడైతే? తుప్పు పట్టడమంటే ఒక చిన్న విద్యుత్ ఘటం పని చేయడమే. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా నీటిలోకి దిగుతుంది. ఇంకోచోట ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. ఈ రెండు చోట్ల మధ్య తడిలో అయాన్లు తిరగాలి. వట్టి వాన నీటిలో అవి తక్కువ. ఉప్పు నీటిలో పుష్కలం. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ తుంపరలు గాలిలో వచ్చి బురద మీద వాలతాయి. వానాకాలంలో మీ ఇంటి ఉప్పు జాడీ చెమర్చడం చూశారు గదా! గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనకు తానే నీరు పీల్చుకుని కరుగుతుంది. కోస్తాలో అటువంటి రాత్రులు ఎన్నో. అంటే ఆ గొట్టం వాన లేకున్నా తడుస్తూనే ఉంటుంది.

బురద కింద మరో చిత్రం జరుగుతుంది. పైన గాలి తగిలే చోట ఆక్సిజన్ ఎక్కువ, బురద అడుగున తక్కువ. ఆక్సిజన్ లేకపోతే తుప్పు తగ్గాలి గదా అనుకుంటారు. కాని ఎలక్ట్రాన్లను అందుకునే పని గాలి తగిలే చోట జరిగితే, వాటిని ఇచ్చుకుని తరిగిపోయే పని ఆక్సిజన్ తక్కువైన బురద అడుగున జరుగుతుంది. కంటికి కనపడని చోటే గొయ్యి పడుతుంది!

పాత పెట్రోలు ట్యాంకుల రేకుకు తగరం, సీసం కలిపిన పూత వేసేవారు. పూత చెదరనంతకాలం బాగానే కాపాడుతుంది. రాయి తగిలి గీత పడితే కథ తిరగబడుతుంది. జింకు పూతైతే ఇనుము కంటే చురుకైనది గనుక ముందు తాను కరిగి ఇనుమును కాపాడేది. తగరం, సీసం ఇనుము కంటే మందకొడివి. గీత దగ్గర ఇనుమే బలి అవుతుంది, అదీ త్వరగా.

సముద్రం లేని చోట కూడా ఈ తిప్పలున్నాయి. అమెరికాలోని మిషిగన్, ఒహాయో వంటి మంచు రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిస్తే నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు. రోడ్డు జారదు, మనుషులు బతుకుతారు. బళ్ళు మాత్రం కిందినుంచి తినేసినట్టవుతాయి. డెట్రాయిట్ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ బంధువులెవరైనా అక్కడుంటే, పాత బండి కొనేముందు దాని అడుగు ఎందుకు వంగి చూస్తారో అడగండి.

పొగ పెట్టి పట్టడం

మెకానిక్కు బండిని ఆరుబయట ఆపి, ఇంజను చల్లారనిచ్చి, బ్యాటరీ తీగ ఊడదీసి, చక్రం విప్పి చూస్తాడు. టార్చి బయటే వెలిగించి లోపలికి తెస్తాడు. చుక్క కనపడకపోయినా ఆనవాళ్ళుంటాయి. దుమ్ము పట్టిన గొట్టం మీద ఒకచోట కడిగినట్టు శుభ్రమైన మచ్చ ఉంటే, పెట్రోలు అక్కడ చెమర్చి ఆరిపోతోందన్నమాట. మన జిప్సీలో అయితే కారినదంతా బురద పీల్చుకుని నేల మీద పడనివ్వలేదు.

అనుమానం తీరకపోతే, సాధనాలున్న షెడ్లలో పొగ పరీక్ష చేస్తారు. ఖనిజ నూనెను వేడిచేసి పుట్టించిన తెల్లని పొగను నైట్రోజన్ వంటి మండని వాయువుతో కలిపి, చాలా తక్కువ ఒత్తిడితో ట్యాంకు గొట్టాల్లోకి పంపుతారు. చిల్లున్న చోట తెల్లని దారంలా పొగ లేస్తుంది. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది.

కొత్త కార్లలో ఈ పని కారే చేసుకుంటుంది. ట్యాంకు ఆవిరి కూడా గాలిని పాడుచేస్తుందని అమెరికాలోని కాలిఫోర్నియాలో 1970 నుంచి, దేశమంతటా 1971 నుంచి కొత్త కార్లకు దాన్ని పట్టే ఏర్పాటు తప్పనిసరి చేశారు. ట్యాంకు ఆవిరిని ఉత్తేజిత బొగ్గు నింపిన డబ్బాలోకి పంపుతారు. ఆ బొగ్గు గ్రాముకు సుమారు వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. అంటే ఏడెనిమిది కబడ్డీ కోర్టులు ఒక్క గ్రాములో మడిచిపెట్టినట్టు! ఆవిరి ఆ ఉపరితలానికి అంటుకుని ఉండి, ఇంజను నడిచేటప్పుడు లోపలికి పీల్చబడి కాలిపోతుంది. 1996 నుంచి అక్కడి కార్లలోని కంప్యూటరు ఒక మిల్లీమీటరు చిల్లును కూడా పసిగట్టి దీపం వెలిగిస్తోంది. పాత జిప్సీకి ఆ దీపం లేదు. ఉన్నది మన ముక్కే.

గీకవద్దు, అతకవద్దు

గొట్టం దొరికింది. పైకి లావుగా, గట్టిగానే కనిపిస్తోంది. ఇక్కడే మోసపోతారు. తుప్పు తాను తిన్న ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లావుగా ఉన్నదంతా పొరలు పొరలుగా ఉబ్బిన తుప్పే. లోపల ఇనుము కాగితమంత మిగిలి ఉండవచ్చు. ఇనుప కుచ్చుతో గీకితే ఇంతకాలం పెట్రోలును ఆపుతున్న తుప్పు కాస్తా రాలి, చెమర్చే చోట ధార కడుతుంది. ఎపాక్సీ ముద్ద అంటిస్తే నెల రోజులు వాసన ఆగుతుంది. దాని అంచుల కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. గొట్టం మార్చడమే సరైన పని.

“ట్యాంకు ఖాళీ చేసి చిన్న వెల్డింగు పెడదాం” అని ఎవరైనా అంటే మీరు లెక్క చెప్పి ఆపండి. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే మండుతుంది. పెట్రోలున్న మూసిన ట్యాంకులో ఆవిరి దానికంటే చాలా ఎక్కువ, గాలి చాలదు. ఖాళీ చేసి మూత తీసి ఉంచితే ఆవిరి కొంచెం కొంచెంగా తగ్గుతూ సరిగ్గా ఆ మండే హద్దులోకి దిగుతుంది. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదకరం. అతికే మనిషి దాని పక్కనే ముఖం పెట్టి కూర్చుంటాడు. ఖాళీ పీపాలు, ట్యాంకులు అతకబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో.

రబ్బరు గొట్టాలూ అప్పుడే మార్చాలి. మన దేశంలో పెట్రోలులో ఇథనాలు కలపడం పెరుగుతూ వచ్చి 2025లో 20 శాతానికి చేరింది. చాలా ఏళ్ళ కిందటి బళ్ళ రబ్బరును అంత ఇథనాలుకు తగినట్టు తయారు చేయలేదు. అది ఉబ్బి, మెత్తబడి, తర్వాత పగుళ్ళు తీస్తుంది. ఇథనాలుకు నీటిని పీల్చే గుణం కూడా ఉంది. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే, నీరు ఎక్కువై ఇథనాలుతో కలిసి ట్యాంకు అడుగుకు దిగి, లోపలినుంచి తుప్పు మొదలుపెడుతుంది. కొనేటప్పుడు ఇథనాలు పెట్రోలుకు పనికివచ్చే గొట్టమని అడిగి తీసుకోవాలి.

కొత్త గొట్టం బిగించి, బురద కడిగి, రేకుకు రెడ్ ఆక్సైడు పూశారు. వాసన లేదు. పని అయిపోయిందా? ముల్లు ఎక్కడుందో చూడండి. సగం దగ్గరుంటే అయిపోయినట్టు కాదు, ఈ బండికి సగం ట్యాంకులో ఎప్పుడూ వాసన లేదు గదా! బంకుకు పోయి, నాజిల్ ఆగేదాకా మాత్రమే నింపించి, మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు నిలపండి. మీరు సముద్రపు ఒడ్డున కాసేపు తిరిగి వచ్చి, వెనక తలుపు తెరిచి, అప్పుడు వాసన చూడండి.